నడకను గీసిన మాక్స్ ఫ్లైషర్

మన గోడపత్రికలో అల్లూరి సీతారామరాజు గారి గురించి, సవర భాషకు పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారి గురించి ఇదివరకే రాసేరు. నేను ఈసారి దూరదేశపు ఆయన గురించి రాస్తున్నాను. పేరు మాక్స్ ఫ్లైషర్. పేరు తెలియకపోయినా ఆయన నడిపించిన పపాయ్ బొమ్మని మనలో చాలామంది టీవీలో చూసేం. పాలకూర డబ్బా నొక్కి మింగేసి, తనకంటే రెండింతలున్న వాణ్ణి గోడకేసి కొడతాడే, అతనే. (మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా శాకాహారే. ఆయన బలం మాత్రం బొమ్మ బలం కాదు, నిజం బలం.)

పపాయ్‌ని పుట్టించింది ఫ్లైషర్ కాదు. 1929లో ఎల్జీ సీగర్ అనే చిత్రకారుడు న్యూస్ పేపర్లో గీసేడు. 1933లో అతన్ని సినిమాకి ఎక్కించింది ఫ్లైషర్ సోదరులు.

మాక్స్ 1883 జూలై 19న క్రాకోలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలెండులో ఉంది. తండ్రి దర్జీ. 1887లో అందరూ అమెరికా వలస వెళ్ళిపోయారు. అక్కడ తండ్రి వ్యాపారం దెబ్బతింది. మాక్స్ ఒక పత్రికాఫీసులో ముందు కబుర్లు మోసే కుర్రాడిగా చేరి, తర్వాత అక్కడే బొమ్మలు గీసే స్థాయికి వచ్చేరు. ఆయనకి బొమ్మలంటే ఎంత ఇష్టమో యంత్రాలన్నా అంతే ఇష్టం.

ఆ రోజుల్లో తెర మీద బొమ్మలు కుదుపులుగా కదిలేవి. నడక నడకలాగ ఉండేది కాదు. 1915లో మాక్స్ ఒక ఉపాయం చేసేరు. తమ్ముడు డేవ్‌కి జోకర్ బట్టలు వేసి, గెంతమని చెప్పి, కెమెరాతో ఫిల్ము తీసేరు. తర్వాత ఆ ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ గాజుపలక మీద పడేలాగ కింద దీపం పెట్టి, పైన కాగితం వేసి, దాని మీద గీత దిద్దేరు. మనం మేప్ ట్రేస్ చేస్తామే, అలగే. కాలు ఎత్తితే నడుం ఎటు వాలుతుంది, మడమ ముందు ఆనుతుందా, వేళ్ళా, ఇవన్నీ అలగ తెలిసేయి. ఒక్క సెకనుకి పదహారు బొమ్మలు, తర్వాతి కాలంలో ఇరవై నాలుగు. ఎంత ఓర్పు కావాలో ఆలోచించండి! ఆ యంత్రం పేరు రోటోస్కోప్. 1917లో పేటెంటు వచ్చింది.

1923లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం మీద కూడా సినిమా తీసేరు. పాటలో ఏ మాట పాడాలో దాని మీద బంతి గెంతే సినిమాలు తీసిందీ ఆయనే.

నాకు బాగా నచ్చింది 1934 నాటి ఎ డ్రీమ్ వాకింగ్. పపాయ్ స్నేహితురాలు ఆలివ్ నిద్రలో లేచి, కళ్ళు మూసుకుని, చేతులు ముందుకు చాపి నడిచిపోతుంది. ఇంకా కడుతున్న మేడ ఇనప దూలాల మీదికి ఎక్కిపోతుంది. కింద పాతాళం. ఆవిడ అడుగు వేసే చోటికి సరిగ్గా ఒక దూలం వస్తుంది. కాపాడ్డానికి వెళ్ళిన పపాయ్, బ్లూటో మాత్రం నేనంటే నేనని కొట్టుకుంటారు. ఒళ్ళు తెలియని ఆవిడ తనంతట తాను ఇంటికి చేరి పడుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళకే దెబ్బలు!

1941 డిసెంబరులో ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. దాని పేరు నిక్స్ ఆన్ హిప్నోట్రిక్స్. అందులో హిప్నాటిజం చేసేవాడు టెలిఫోనులోనే ఆలివ్‌ని నిద్రలో నడిపిస్తాడు. ఇది నవ్వడానికే. ఇష్టం లేని మనిషిని ఫోనులో ఎవరూ అలగ నడిపించలేరు. నిద్రలో నడవడం మాత్రం నిజమే, పిల్లల్లోనే ఎక్కువ. మొదటి రాత్రి, గాఢనిద్రలో వస్తుంది. చాలామందికి పెద్దయ్యేసరికి పోతుంది. గాలి సోకడం కాదు. అలాంటి వాళ్ళు కనబడితే కేకలు వెయ్యకుండా, మెల్లిగా చెయ్యి పట్టుకుని పక్క మీదికి తెచ్చెయ్యాలి. మెట్ల వైపు తలుపు గడియ వెయ్యాలి. వెక్కిరిస్తే వాళ్ళు పడుకోడానికే భయపడతారు.

ఫ్లైషర్ గారిలో మంచే చెప్తే సగమే చెప్పినట్టు. 1937లో ఆయన దగ్గర బొమ్మలు గీసే పనివాళ్ళు జీతాల కోసం, సంఘం కోసం నెలల తరబడి సమ్మె చేసేరు. మరుసటేడు స్టూడియోని మయామీకి మార్చేరు. 1939లో గలివర్ కథ పెద్ద సినిమాగా తీసేరు. అప్పులు పెరిగేయి. జోకర్ బట్టలేసుకుని గెంతిన తమ్ముడికీ అన్నకీ మాటలు లేకుండా పోయేయి. ఒకే ఆఫీసులో ఉండి చీటీలు రాసుకునేవారట. హిప్నాటిజం సినిమా వచ్చిన ఆ రోజుల్లోనే స్టూడియో చెయ్యి జారింది. డబ్బు పెట్టిన పారమౌంట్ కంపెనీ 1942లో దాన్ని పేరు మార్చి నడుపుకుంది. పపాయ్ కూడా వాళ్ళకే పోయేడు.

ఆ తర్వాత మాక్స్ వేరేవాళ్ళ దగ్గర ఉద్యోగం చేసేరు. పారమౌంట్ మీద కోర్టుకెళ్ళినా గెలవలేదు. చివరి రోజులు భార్యతో కలిసి, సినిమా పనివాళ్ళ కోసం కట్టిన వృద్ధాశ్రమంలో గడిపేరు. 1972 సెప్టెంబరులో అక్కడే చనిపోయారు.