నల్లమందు చెరనుండి విడుదల పొందిన షీ కాపరి
(చదువవలసిన వాక్యభాగము: 1 కొరింథీ 6:9-12)



చీనా దేశపు షాన్సీ రాష్ట్రములో 19వ శతాబ్దమున రైతు, పండితుడు, ఉద్యోగి, స్త్రీ అను భేదము లేక నల్లమందు పీల్చుట వ్యాపించెను. ఆ విషము ఎక్కువగా మన బీహారు పొలములలోను మాళవములోను పండి, ఓడలమీద అక్కడికి పోయినదని మనము సిగ్గుతో జ్ఞాపకము చేసికొనవలెను. తరువాత షాన్సీ రైతులే గోధుమ పండు నేలలో గసగసాలు వేసిరి. 1876 మొదలు 1879 వరకు వానలు లేక ఘోరమైన కరవు వచ్చినప్పుడు లక్షలమంది ఆకలితో చనిపోయిరి.

ఆ రాష్ట్రములోనే షీ అను పండితుడుండెను. పదునారేండ్లకే పరీక్షలో గెలిచి పేరు పొందెను. జబ్బు చేసినప్పుడు, బాధ తగ్గునని స్నేహితులు చెప్పగా నల్లమందు పట్టెను. జబ్బు పోలేదు, నల్లమందు విడువలేదు. పదేండ్లలో ఆ మనిషి ఎముకల గూడాయెను.

1879లో డేవిడ్ హిల్ అను మిషనెరీ వ్యాసముల పోటీ పెట్టెను. షీ మొదటి బహుమానము గెలిచి, పరదేశియని భయపడుచునే వెళ్లి, ఆయనకు భాష నేర్పుటకు కుదిరెను. అక్కడ క్రొత్త నిబంధన చదివి ప్రభువును నమ్మెను. నల్లమందు మానగా వారము దినములు తిండి లేదు, నిద్ర లేదు; చలి, వణకు, మూర్ఛ. ప్రార్థించుచు నిలిచి గెలిచెను. అప్పుడు దయ్యమును జయించువాడను అర్థముగల షెంగ్మో అను పేరు పెట్టుకొనెను.

తాను బయటపడి ఊరకుండలేదు. నల్లమందు మానగోరువారికి ఆశ్రయ గృహములు తెరచెను. తెప్పించిన మందు చాలకపోగా, తానే మూలికలతో మాత్రలు చేసెను. ఒక పట్టణములో గృహము పెట్టుటకు సొమ్ము లేనప్పుడు ఆయన భార్య తన నగలు తీసి ఇచ్చెను. 1886లో హడ్సన్ టేలర్ గారు ఆయనను కాపరిగా అభిషేకించిరి. 1896లో ప్రభువునందు నిద్రించెను.

మన పల్లెలో కల్లు, సారా, చుట్ట, గుట్కా ఎన్ని ఇండ్లలో నున్నవో లెక్కింపుడి. నేనును చాలకాలము త్రాగుబోతులను ప్రసంగవేదికమీదనుండి గద్దించితిని. వారు గుడికి రావడము మానిరి, త్రాగుడు మానలేదు. షీ కాపరి తలుపు తీసి ప్రక్కన కూర్చుండెను. పెద్దలారా, ఈ నెలలో ఒక్క ఇంటికి పొండి. చాలకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల ప్రాణాపాయము కలుగవచ్చును గనుక, వానికి తోడుగా వైద్యుని యొద్దకు నడువుడి. రాత్రి వణకు పుట్టినప్పుడు వాని మంచముప్రక్క ఉండి ప్రార్థించుడి. ఆమేన్.