పియానోలో దాచుకున్న దేశం

పియానో అనగానే మనకు పాత తెలుగు సినిమాల్లోని జమీందారు గారి హాలు, దాని ముందు కూర్చుని పాట పాడే హీరో గుర్తొస్తారు. కానీ అదే వాయిద్యం మీద ఒక పరాధీన దేశపు గుండెచప్పుడు వినిపించిన వాడు ఫ్రెడరిక్ షోపాన్.

1810లో వార్సా దగ్గరి జెలజోవా వోలా గ్రామంలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి పోలెండు వనిత. 1795 నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలెండును పంచేసుకున్నాయి. షోపాన్ చదువుకునే రోజుల్లో వార్సా జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. సెలవుల్లో పల్లెలకు పోయి, రైతుల పాటలు, మజుర్కా నాట్యాలు చెవినిండా నింపుకొచ్చాడు.

1830 నవంబరు 2న కచేరీల కోసం వార్సా విడిచాడు. నెల తిరక్కుండానే, 29న, అక్కడ తిరుగుబాటు రేగింది. వియన్నాలో వెంట ఉన్న మిత్రుడు టైటస్ పోరాటంలో చేరడానికి వెనక్కి వెళ్ళిపోయాడు. షోపాన్ ఆగిపోయాడు. 1831 సెప్టెంబరులో వార్సా రష్యా సేనల వశమైంది. ఆ కబురు ఆయనకు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తెలిసింది. ఇంటివాళ్ళు బతికున్నారో లేదో తెలియదు. తాను చేతులు కట్టుకుని కూర్చున్నానన్న వేదన ఆనాటి డైరీ నిండా ఉంది.

మరి వెళ్ళకపోవడం పిరికితనమా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. జవాబు ఆయన సంగీతంలోనే ఉందని నా నమ్మకం.

1833లో అచ్చయిన ఎట్యూడ్‌లలో, అంటే వేళ్ళ సాధన కోసం రాసిన వాటిలో, పన్నెండోది వినండి. ఎడమచేయి తుఫానులా పరుగెడుతుంటే కుడిచేయి ఎలుగెత్తి పిలుస్తున్నట్టుంటుంది. విప్లవ ఎట్యూడ్ అన్న పేరు ఆయన పెట్టింది కాదు, లోకం పెట్టింది. మొదటి స్కెర్జోలోనైతే ఉరుముల నడుమ పోలెండువాళ్ళ క్రిస్మస్ జోలపాట మెల్లగా వినబడుతుంది. ప్యారిస్‌లో కలవారి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూనే మజుర్కాలు రాస్తూ పోయాడు; జీవితం మొత్తంలో రాసినవి యాభైకి పైగానే. పల్లె రైతు అడుగుల చప్పుడును ప్రభువుల హాళ్ళలోకి నడిపించాడు.

1848 విప్లవంతో ప్యారిస్‌లోని శిష్యులు చెదిరిపోయారు. సంపాదన పోయింది. జబ్బు శరీరంతోనే బ్రిటన్ వెళ్ళాడు. నవంబరు 16న లండన్ గిల్డ్‌హాల్‌లో పోలెండు శరణార్థుల సహాయార్థం వాయించాడు. అదే ఆఖరి కచేరీ. 1849 అక్టోబరు 17న, 39 ఏళ్ళకే, ప్యారిస్‌లో కన్నుమూశాడు. దేహాన్ని అక్కడే ఖననం చేశారు. గుండెను మాత్రం అక్క లుద్వికా వార్సాకు చేర్చింది.

1940లో నాజీలు వార్సాలోని ఆయన విగ్రహాన్ని కూల్చేశారు. 1958లో ప్రజలు దాన్ని మళ్ళీ చూసుకున్నారు. తుపాకీ పట్టని మనిషి విగ్రహమంటే అంత కోపమెందుకో ఆలోచించండి. నేర్చిన విద్యతో దేశానికేం చేయగలమని అడిగే విద్యార్థి మిత్రులకు నేను చూపించే మనిషి షోపానే.