పాత చిప్పులతో కొత్త ఆట: గుంపెయ్ యొకోయ్ కథ

హాస్టల్లో వీడియో గేమ్‌ల మాట మొదలైతే చివరికి ఒకటే చోటికి చేరుతుంది: ఏ గ్రాఫిక్స్ కార్డు, ఎంత ర్యామ్, ఎన్ని ఫ్రేములు. అవి లేనివాడి నోరు అక్కడితో మూతపడుతుంది. ఈ లెక్కన చూస్తే ప్రపంచంలో బాగా అమ్ముడుపోయిన ఆట యంత్రాల్లో ఒకటి అసలు పుట్టనే కూడదు. దాని తెరకి రంగుల్లేవు, వెనక లైటు లేదు, లోపలి ప్రాసెసర్ అది మార్కెట్లోకి వచ్చేనాటికే పాతబడిన రకం. దాని పేరు గేమ్ బాయ్. ఆ టీమ్‌కి పెద్ద గుంపెయ్ యొకోయ్.

మారియోని చేసిన మియమొతో పేరు మనలో చాలామంది విన్నారు. యొకోయ్ పేరు విన్నవాళ్లు తక్కువ. నేను ఈసీఈ కాబట్టి నాకైతే ఈయన కథే ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

యొకోయ్ 1941 సెప్టెంబర్ 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అక్కడే దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలకి దరఖాస్తులు పెట్టుకుంటే పని కాలేదు. చివరికి 1965లో సొంతూళ్లోనే ఉన్న నింటెండోలో చేరారు. అది మనకి తెలిసిన నింటెండో కాదండోయ్. 1889 నుంచి హనఫుద అనే పూల బొమ్మల పేకముక్కలు చేసి అమ్ముకుంటున్న కంపెనీ. అలాంటి చోట ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుకి పనేముంటుంది? పేకముక్కలు తయారుచేసే మెషీన్లు ఆగిపోకుండా చూసుకోవడం. మన ప్లేస్‌మెంట్ భాషలో చెప్పాలంటే, సపోర్ట్ ప్రాజెక్ట్.

సపోర్ట్ ప్రాజెక్ట్ అనే మాట వింటేనే మన సీనియర్ల మొహాలు ఎలా వాడిపోతాయో చూస్తూనే ఉన్నాం. అక్కడ పడితే కెరీర్ అయిపోయినట్టే అని ఒక నమ్మకం. యొకోయ్‌కి ఆ ఉద్యోగంలో దొరికినవి రెండు: తీరిక, ఫ్యాక్టరీలో ఒక లేత్. ఆ తీరికలో ఆయన తన సరదా కోసం ఒక బొమ్మ చేసుకున్నారు. కత్తెరలాగా ఒకదానికొకటి అడ్డంగా బిగించిన పట్టీల వరస. ఇవతలి పిడులు దగ్గరికి నొక్కితే పట్టీలన్నీ ముందుకు సాగి, చివర ఉన్న చేయి దూరంగా ఉన్న వస్తువుని పట్టుకుంటుంది. ఆ మెకానిజం ఆయన కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే.

దాంతో ఆడుకుంటూ కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంట్లో పడ్డారు. గదికి పిలిస్తే చీవాట్లు తప్పవనుకున్నారు. యమౌచి మాత్రం దాన్ని అమ్మకానికి పనికొచ్చే వస్తువుగా చెయ్యమన్నారు. అలా 1966లో అల్ట్రా హ్యాండ్ అనే బొమ్మ వచ్చింది. పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. మెషీన్లకి నూనె పోసే కుర్రాడు కొత్త వస్తువులు తయారుచేసే విభాగానికి మారిపోయారు.

ఆ తర్వాత ఆయన చేసినవన్నీ చూస్తే ఒక పద్ధతి కనబడుతుంది. 1969లో లవ్ టెస్టర్ అని ఒకటి చేశారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చేతులు పట్టుకుని, మిగిలిన చేతుల్తో చెరో కొస పట్టుకుంటే, ప్రేమ ఎంతుందో ముల్లు చూపిస్తుంది. లోపల ఉన్నది మన ఫస్టియర్ ల్యాబ్‌లో చూసే గాల్వనోమీటర్ లాంటిదే. ఒంట్లోంచి వెళ్లే కొద్దిపాటి కరెంటుని కొలుస్తుందంతే. 1970లో లైటు తుపాకీ బొమ్మ వచ్చింది. షార్ప్ కంపెనీ నుంచి సోలార్ సెల్స్ అమ్ముకోవడానికి మసయుకి ఉయెముర అనే ఇంజనీరు వస్తుండేవారు. సోలార్ సెల్ అంటే అందరికీ కరెంటు పుట్టించేది. యొకోయ్ దాన్ని వెలుగు తగిలిందో లేదో చెప్పే సెన్సార్‌గా చూశారు. తుపాకీ వెలుగుని వదులుతుంది, గురిలో ఉన్న సెల్ దాన్ని పసిగడుతుంది. ఉయెముర తర్వాత నింటెండోలోనే చేరిపోయి ఫామికామ్ కన్సోల్‌ని తయారుచేశారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. ఆ తుపాకీ ఆలోచనని పెద్దది చేసి, జనం రావడం మానేసిన బౌలింగ్ హాళ్లలో 1973లో లేజర్ షూటింగ్ రేంజ్‌లు పెట్టారు. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చిపడింది. ఆర్డర్లు రద్దయ్యాయి, కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది.

మలుపు ఒక రైల్లో వచ్చింది. బుల్లెట్ రైల్లో పక్కన ఒక ఉద్యోగి ఏమీ తోచక చేతిలోని కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం యొకోయ్ చూశారు. పెద్దవాళ్లు నలుగురిలో సిగ్గుపడకుండా, చేతిలో దాచుకుని ఆడుకునే చిన్న ఆట ఉంటే బాగుంటుందనిపించింది. ఒకరోజు యమౌచి కారు డ్రైవర్ రాకపోతే యొకోయ్ నడపాల్సి వచ్చింది. ఆ దారిలో ఈ ఆలోచన చెప్పారు. కాలిక్యులేటర్ల పోటీలో షార్ప్, కాసియో ఒకరితో ఒకరు తలపడి ధరలు పడగొట్టుకుని ఉన్న కాలం అది. చిన్న ఎల్‌సీడీ తెరలు చవకయ్యాయి. షార్ప్‌తో ఒప్పందం కుదిరింది. 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది.

దాని తెర పనిచేసే తీరు చాలా తేలిక. కాలిక్యులేటర్‌లో 8 అంకె గీతలు ముందే గీసి ఉంటాయి, ఏ గీతలకి కరెంటు ఇస్తే ఆ అంకె కనబడుతుంది. ఇక్కడ గీతల బదులు మనిషి, బంతి, చేతులు ముందే గీసి ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తే బంతి ఎగిరినట్టుంటుంది. మన తిరునాళ్లలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బ్రిక్ గేమ్ గుర్తుందా? దాని తెర కూడా ఈ రకమే, బొమ్మలకి బదులు చిన్న చిన్న గడులు. గేమ్ అండ్ వాచ్‌లు మొత్తం 4.34 కోట్లు అమ్ముడయ్యాయి.

1982లో డాంకీ కాంగ్ ఆటని ఈ సైజులోకి తేవాల్సి వచ్చింది. మడిచి జేబులో పెట్టుకునే వస్తువుకి పైకి పొడుచుకొచ్చే జాయ్‌స్టిక్ ఎలా పెడతారు? యొకోయ్ ఒక ప్లస్ ఆకారపు మీట పెట్టారు. మధ్యలో ఆనుకుని అటూ ఇటూ వంగుతుంది, నాలుగు కొసల కింద నాలుగు స్విచ్‌లు. ఎడమ నొక్కితే కుడి లేస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి పడే గొడవ లేదు. కిందికి చూడకుండానే బొటనవేలికి దిక్కు తెలుస్తుంది. ఇవాళ మన చేతిలో ఉండే గేమ్‌ప్యాడ్‌లన్నిటి మీదా దాదాపు అదే మీట, లేదా దాని తమ్ముడు.

ఆయన ఈ పద్ధతికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు. దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే, పండిపోయిన టెక్నాలజీతో పక్కదారి ఆలోచన. పండిపోయిన టెక్నాలజీ అంటే చవకగా దొరికేది, దాని రోగాలన్నీ అందరికీ తెలిసిపోయినది. పక్కదారి అంటే దాన్ని ఎవరూ పెట్టని చోట పెట్టడం.

1989లో వచ్చిన గేమ్ బాయ్ ఈ ఆలోచనకి పెద్ద పరీక్ష. షార్ప్ చేసిన 8 బిట్ ప్రాసెసర్, వేగం 4.19 మెగాహెర్ట్జ్. మనం 8085 ల్యాబ్‌లో తిట్టుకుంటూ నేర్చుకునే ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ రిజిస్టర్లే అందులోనూ ఉన్నాయి. మన 8085కి వరసకి పెదనాన్న కొడుకు అవుతుంది. పని చేసుకోవడానికి 8 కిలోబైట్ల మెమరీ. తెర 160×144 చుక్కలు, నాలుగే ఛాయలు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో, వెనక లైటుతో వచ్చింది. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్, అదీ రంగులతోనే. కాగితం మీద రెండూ గేమ్ బాయ్‌ని చిత్తుగా ఓడించేశాయి.

ఇప్పుడు బ్యాటరీ మూత తీసి చూద్దాం. లింక్స్‌కి, గేమ్ గేర్‌కి ఆరేసి పెన్సిల్ సెల్స్ కావాలి, అవీ నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్‌కి నాలుగు చాలు, పది గంటలు దాటి నడుస్తుంది. అమెరికాలో గేమ్ బాయ్ 90 డాలర్లు, లింక్స్ దాదాపు 180. పిల్లవాడికి బొమ్మ కొనేది అమ్మానాన్నలు, వారం వారం సెల్స్ కొనాల్సిందీ వాళ్లే. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.86 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి చిల్లర దగ్గర ఆగిపోయింది.

ఇదంతా యొకోయ్ ఒక్కరి ఘనత అంటే అన్యాయం. ఆయన టీమ్‌లోని సతొరు ఒకాద మరీ చవక బొమ్మలా కాకుండా, కార్ట్రిడ్జ్‌లు మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకునే యంత్రంలా ఉండాలని పట్టుబట్టారు. మాస్కోలో 1984లో పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ దీనికి కలిసొచ్చింది. రంగులు లేకపోయినా ఏ లోటూ తెలియని ఆట అది. రెండు గేమ్ బాయ్‌లని కలిపే మామూలు వైరు కూడా ఉంది. ఆ వైరులోంచి జంతువుల్ని ఇచ్చిపుచ్చుకోవచ్చు కదా అన్న ఊహే 1996లో పోకెమాన్ అయింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మోటివేషనల్ పోస్ట్ అయిపోతుంది. అసలు పాఠం దీని తర్వాతే ఉంది.

1995లో ఆయన వర్చువల్ బాయ్ తెచ్చారు. కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే లోతు కనబడే ఆట. ఇందులోనూ అదే పద్ధతి. ఎర్ర ఎల్‌ఈడీలు చవక, కరెంటు తక్కువ తాగుతాయి. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అప్పట్లో ఖరీదు. కంటికొక వరసలో 224 ఎర్ర ఎల్‌ఈడీలు, వాటి ముందు వేగంగా ఊగే అద్దం. ఆ ఒక్క వరసనే అద్దం అటూ ఇటూ పరిచి పూర్తి బొమ్మగా చూపిస్తుంది. ఇంజనీరింగ్‌గా చూస్తే ఎంత తెలివో! ఆడేవాడి వైపు నుంచి చూస్తే? బల్ల మీద స్టాండుకి పెట్టి, మెడ వంచి, మొహం దూర్చి, నల్లటి చీకట్లో ఎర్రటి బొమ్మలు చూడాలి. తలనొప్పి, కళ్లనొప్పి అని ఫిర్యాదులు వచ్చాయి. పక్కవాళ్లకి ఏమీ కనబడదు. జేబులో పట్టదు. ఏడు లక్షల డెబ్భై వేలు అమ్ముడయ్యాక, ఏడాది తిరగకుండానే ఆపేశారు.

అదే మనిషి, అదే సూత్రం. ఒకసారి 11 కోట్లు, ఇంకోసారి 8 లక్షలు కూడా లేవు. తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతలో, గేమ్ అండ్ వాచ్ పుట్టింది రైల్లో కూర్చున్న మనిషి చేతుల్లోంచి. ప్లస్ మీట పుట్టింది బొటనవేలి లోంచి. వర్చువల్ బాయ్ పుట్టింది డిస్‌ప్లే లోంచి. ముందు అద్భుతమైన తెర దొరికింది, మనిషి మెడ ఆ తర్వాత గుర్తొచ్చింది. పాత టెక్నాలజీ వాడటం దానంతటదే తెలివి కాదు, కొత్తది వాడటం దానంతటదే గొప్పా కాదు.

1996 ఆగస్టులో, 31 ఏళ్ల ఉద్యోగం తర్వాత, యొకోయ్ నింటెండో వదిలేశారు. వర్చువల్ బాయ్ దెబ్బకే వెళ్లిపోయారని చాలామంది రాశారు. సొంతంగా ఏదైనా చెయ్యాలనే ఆలోచన ఆయనకి అంతకుముందు నుంచే ఉంది. వెళ్లేముందు గేమ్ బాయ్‌ని సన్నగా చేసి గేమ్ బాయ్ పాకెట్‌గా ఇచ్చి వెళ్లారు. తర్వాత కోటో అనే చిన్న సంస్థ పెట్టి, బందాయ్ కంపెనీ కోసం కొత్త చేతి యంత్రం మొదలుపెట్టారు. 1997 అక్టోబర్ 4న ఇషికావా ప్రాంతంలోని హైవే మీద ఆయన ప్రయాణిస్తున్న కారుకి చిన్న ప్రమాదం జరిగింది. ఏమైందో చూద్దామని దిగితే వెనక నుంచి ఇంకో కారు వచ్చి గుద్దింది. అప్పటికి ఆయనకి 56 ఏళ్లు.

ఆ యంత్రం 1999లో వండర్‌స్వాన్ పేరుతో వచ్చింది. ధర 4,800 యెన్‌లు, ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది. దాని మీద వచ్చిన ఒక పజిల్ ఆటకి ఆయన పేరే పెట్టారు, గుంపే అని.

ఇవాళ గేమ్ కంపెనీలు ఒక్కో ఆటకి కోట్ల డాలర్లు పోస్తున్నాయి. ఆ ఆట ఆడాలంటే మనం ఒక సెమిస్టర్ ఫీజంత కార్డు కొనాలి. మన ప్రాజెక్ట్ అబ్‌స్ట్రాక్ట్‌లూ అదే దారిలో ఉన్నాయి. డోర్‌బెల్ ప్రాజెక్ట్‌లో కూడా ఏఐ లేకపోతే గైడ్ సంతకం పెట్టరేమో అని భయం. నాలుగు వందల రూపాయల బోర్డుతో అయ్యే పనికి క్లౌడ్ అకౌంట్ తెరుస్తున్నాం. రివ్యూలో ఏ అల్గారిథమ్ వాడావు అని అడుగుతారు, ఎవరు వాడతారు అని అడిగేవాళ్లు తక్కువ.

అందుకే ఈసారి మా బ్యాచ్ అబ్‌స్ట్రాక్ట్‌లో టెక్నాలజీ పేర్ల కన్నా ముందు మూడు లైన్లు రాశాం: ఇది ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లు దీనికి ఎంత పెట్టగలరు, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎన్ని గంటలు వస్తుంది. మూడో లైను రాయడానికే మాకు రెండు వారాలు పట్టింది. మీరూ రాసి చూడండి.