పసివారి మనసు చదివిన డాక్టరమ్మ

మనుమలను బడిలో దిగబెట్టి మళ్లీ తీసుకువచ్చే పని మనలో చాలామందికి పింఛనుతో పాటే వచ్చింది. ఆ బడుల బోర్డుల మీద తరచు కనిపించే పేరు మాంటిస్సోరి.

డాక్టర్ మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో జన్మించారు. 1896లో రోమ్‌లో వైద్య పట్టా పొందారు. అక్కడ స్త్రీలు డాక్టర్లు కావడం అప్పట్లో బహు అరుదు. మందబుద్ధులని ముద్రవేసి పిచ్చాసుపత్రుల్లో ఉంచిన పిల్లలను చూసి, వారికి మందుకన్నా చేతికి పని అవసరమని గ్రహించారు.

1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో పసిపిల్లల బడి తెరిచారు. అక్కడ ముందుగా కలం పట్టించలేదు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమించారు. (మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించిందీ ఇటువంటిదే కదా!) కొన్ని నెలలకు నాలుగైదేళ్ల పిల్లలు తమంతట తామే రాయసాగారు. ఆరేళ్లలోపు మనసు చుట్టూ ఉన్నదంతా పీల్చుకుంటుందనీ, విత్తనానికి ఉన్నట్టే నడకకూ మాటకూ అక్షరానికీ అదును ఉంటుందనీ ఆమె సిద్ధాంతం.

ఉపాధ్యాయులుగా పనిచేసిన మన సభ్యులు శిక్షణలో పియాజే పేరు చదివే ఉంటారు. ఈ స్విట్జర్లాండ్ పండితుని (1896-1980) తొలి పరిశీలనలు జెనీవాలో, మాంటిస్సోరి పద్ధతిని కొంత మార్చి నడిపిన బడిలోనే జరిగాయి. వెడల్పు గ్లాసులోని నీళ్లు సన్నటి పొడవు గ్లాసులో పోస్తే అయిదేళ్లవాడు నీళ్లు పెరిగాయంటాడు. ఏడెనిమిదేళ్లకు అన్నే ఉన్నాయంటాడు. బుద్ధి ఇలా మెట్లు మెట్లుగా ఎదుగుతుందని పియాజే తేల్చారు. ఆ 1896లోనే పుట్టి, క్షయతో 37 ఏళ్లకే పోయిన సోవియట్ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ దారి వేరు. పిల్లలు ఒంటరిగా చేయలేనిది పెద్దల తోడుతో చేస్తారనీ, బుద్ధి పెరిగేది అక్కడేననీ ఆయన వాదన. తాతయ్యకూ నాయనమ్మకూ చోటిచ్చినది ఈయనే! అయినా, పరిగి వంటి ఊళ్లలో సైతం మూడేళ్లు నిండని చేతికి పెన్సిలిచ్చి హోంవర్కు రాయించే ఈ రోజుల్లో మనం ముందు వినవలసింది డాక్టరమ్మ మాటే అని నా అభిప్రాయం.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె 1939లో కుమారుడు మారియోతో మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను శత్రుదేశీయుడని నిర్బంధించింది. ఆమెను అడయారు ఆవరణ దాటనీయలేదు. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున కుమారుణ్ణి వదిలిపెట్టారు. అడయారులోనూ, కొడైకెనాల్‌లోనూ ఉంటూ 1946 వరకు పాఠాలు చెప్పారు. 1947లో తిరిగి వచ్చారు. మొత్తం మీద మన దేశంలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద తయారయ్యారు. ఇక్కడి ఉపన్యాసాలు 1949లో మద్రాసులోనే పుస్తకంగా వెలువడ్డాయి.

1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నూర్డ్‌విక్‌లో కన్నుమూశారు. సమాధి ఆ ఊరిలోనే ఉంది.