ఆ క్రిస్మస్ రాత్రి మెట్లమీద

తల్లి లేని పిల్లకి కన్నీళ్ళు రెప్పల చాటునే ఉంటాయి. ఫ్రాన్సు దేశపు పునీత తెరేసా జీవితం చదివినప్పుడు నాకదే అనిపించింది. 1873లో పుట్టిన ఆమెకి నాలుగున్నరేళ్ళకే తల్లి రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అమ్మలా సాకిన అక్క పౌలీన్ 1882లో లిజియో ఊళ్ళోని కార్మెల్ మఠంలో చేరిపోయింది. ఇక తెరేసాకి చిన్న మాటకే ఏడుపు. ఏడ్చినందుకు మళ్ళీ ఏడుపు!

1886 క్రిస్మస్. అర్ధరాత్రి పూజ నుంచి ఇంటికొచ్చారు. చలిమంట గూట్లో పెట్టిన పిల్లల బూట్లలో కానుకలు నింపడం వాళ్ళ ఆచారం. ఈ ముచ్చట ఈ ఏటితో సరి, నయమే అని అలసిపోయిన తండ్రి విసుక్కోవడం, మెట్లెక్కుతున్న తెరేసా చెవిన పడింది. ఇప్పుడే కిందికెళ్ళకు, ఏడుస్తావంటూ అక్క సెలీన్ ఆపింది. తెరేసా కన్నీళ్ళు ఆపుకుని దిగింది. సంబరంగా ఒక్కో కానుకా తీసి చూపిస్తుంటే తండ్రీ నవ్వేశాడు.

చిన్నప్పుడు పోగొట్టుకున్న మనోబలాన్ని ఆ రాత్రి బాలయేసే తిరిగిచ్చాడని ఆమె నమ్మింది. 15 ఏళ్ళకి, 1888లో అదే మఠంలో చేరింది. చివరి ఏడాదిన్నరా క్షయతో పాటు మనసులో చీకటీ కమ్మింది. అయినా ప్రార్థన విడవలేదు. 1897లో 24 ఏళ్ళకే కన్నుమూసింది. 1925లో పునీతగా ప్రకటించారు.

ఆ రాత్రి పోయిన అమ్మ తిరిగి రాలేదు, తండ్రి అన్న మాట వెనక్కి పోలేదు. కుదుటపడింది ఆమె మనసొక్కటే. ఇంట్లో ఎవరో అన్న మాటకి తెల్లవార్లూ నలిగే మనకి, ఆ నాలుగు మెట్లు దిగడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!