ఆంధ్రపితామహుడు మాడపాటి హనుమంతరావు

సూర్యాపేటకు దక్షిణపు వైపున గరిడేపల్లి, హుజూర్‌నగరు, మిర్యాలగూడ ప్రాంతములు నేడు నాగార్జునసాగరు కాలువ నీటితో పచ్చగానున్నవి. నాటు వేసిన స్త్రీకిని, మిల్లులో బస్తాలు మోసిన హమాలీకిని, సిమెంటు కర్మాగారములో పనిచేయు కార్మికునకును కూలి ముట్టవలెననుట ఇప్పుడందఱు నొప్పుకొను మాటయే. ఎంత ముట్టవలెననుటయే తగవు. నూఱేండ్ల క్రిందట ఈ ఊళ్లలో అట్టి తగవునకు తావే లేదు. పని చేయుట పేదవాని వంతు, చేయించుకొనుట పెద్దల వంతు, అంతియే. కూలి యను మాట వారి నడుమ పుట్టెడిది కాదు. దీనికి వెట్టిచాకిరి యని పేరు. ఆ వెట్టి చట్టమునకు విరుద్ధమని తెలుగులో అచ్చువేసి పల్లెలకు తెలియజెప్పిన సంఘమునకు కార్యదర్శి మాడపాటి హనుమంతరావుగారు. వారు బాల్యమున పెరిగినది సూర్యాపేటలోనే.

అప్పుడీ ప్రాంతము నైజాము ప్రభువుల హైదరాబాదు రాష్ట్రమున నల్లగొండ జిల్లాలో చేరియుండెను. గిర్దావరో తహశీలుదారో దౌరాకు వచ్చుచున్నాడనిన చాలును, ఊరంతయు ఉలికిపడెడిది. ఆయన సామానును పొరుగూరి వఱకు దళితవాడలవారు తలపై మోయవలెను. రైతు నాగలి విప్పి బండి కట్టవలెను. చాకలి పడకలు వేసి, అంట్లు తోమవలెను. మంగలి కాళ్లు పిసుకవలెను. కుమ్మరి కుండలను, గొల్ల గొఱ్ఱెను, గౌడు కల్లును తెచ్చి ఈయవలెను. దుకాణదారుడు పప్పు, బియ్యము, నెయ్యి అధికారి చెప్పిన ధరకు కొలువవలెను. ఆ ధరయైనను చేతికి వచ్చునను నమ్మకము లేదు. అధికారి పోయిన తరువాతనైనను ఊరు ఊపిరి పీల్చుకొనెడిదా యనిన, గడీలోని దేశముఖు ఎక్కడికిని పోడు గదా! ఆయన పొలమున దున్నకము, కోత ముగిసిన పిదపనే రైతు తన పొలము మొగము చూచెడివాడు. దొరగారి కూతురు అత్తవారింటికి పోవునప్పుడు పేదయింటి బాలికలను దాసులుగా అరణమిచ్చు ఆచారము సైతము కొన్నిచోట్ల నుండెను. తండ్రి తీసికొనిన కొద్దిపాటి అప్పునకు కొడుకు, కొడుకు తరువాత మనుమడు చాకిరిచేయు భగేలా పద్ధతి దీనికి తోడు. అప్పు ఎంతయో, తీఱినదెంతయో వ్రాసికొనువాడు దొరయే. కావున అది ఎన్నటికిని తీఱెడిది కాదు.

హనుమంతరావుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించుటచే సూర్యాపేటలోని మేనమామల పంచకు చేరిరి. నైజాము రాష్ట్రమున తెలుగువారే ఎక్కువమందియైనను, కచేరి భాష ఉర్దూ. పై చదువులు కోరిన తెలుగు బాలుడు ఉర్దూ నేర్వక తప్పదు. హనుమంతరావుగారు ఆ భాషను చక్కగా నేర్చిరి. తమ భాషను మాత్రము మఱువలేదు. తరువాత హనుమకొండలో చదువు ముగించి, ఆ ప్రాంతముననే విద్యాశాఖలో చిన్న ఉద్యోగమున చేరిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొల్పుటలో వారును పాల్గొనిరి. 1912లో హైదరాబాదు చేరి ప్రభుత్వపు శాసనశాఖలో అనువాదకులైరి. పిమ్మట వకీలు పరీక్షలో నెగ్గి, 1917లో ఉద్యోగము విడిచి న్యాయవాదవృత్తి నవలంబించిరి.

ఈ అనువాదకుని ఉద్యోగము చిన్నదిగా కనబడవచ్చును. కాని వారి జీవితమున తరువాత జరిగిన పనికి మూలమిచ్చటనే యున్నదని నా తలంపు. ప్రభుత్వము ఏమి శాసించుచున్నదో, ఏ కాగితమున ఏమి వ్రాసియున్నదో వారికి తెలిసినట్లు ఊరిలోని రైతునకు తెలియదు. తెలిసికొందమన్నను అది వాని భాషలో లేదు.

1921వ సంవత్సరము నవంబరు 12వ తేదీన హైదరాబాదులోని వివేకవర్ధనీ ప్రాంగణమున సంఘసంస్కరణ మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై పాటుపడిన మహారాష్ట్రుడు కర్వే పండితుడు దాని కధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాటాడుటకు లేవగానే సభలో గోల చెలరేగెను. కొందఱు చప్పట్లు చఱచి ఎగతాళి చేసిరి. తెలుగువారికది గుండెలో ములుకైనది. వారు సభ వీడి టేకుమాల రంగారావుగారి ఇంట చేరిరి. అచ్చట పదునొకండుగురు కలిసి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అందు హనుమంతరావుగారొకరు. సంఘపు కార్యదర్శిత్వము వారిపై బడెను.

భాషకు జరిగిన అవమానము వలన పుట్టిన సంఘము భాషకే పరిమితము కాకుండుట గమనింపదగినది. గ్రంథాలయములు, పాఠశాలలు, శాసనముల సేకరణ, ఇవన్నియు సాగుచుండగనే సంఘము వెట్టిచాకిరి వైపు దృష్టి సారించెను.

వెట్టిని అరికట్టుటకు ప్రభుత్వము అప్పుడప్పుడు ఫర్మానాలు, గస్తీలు వెలువరించుచునే యుండెను. అధికారులు పని చేయించుకొన్నచో కూలి ఈయవలెనని, సరకు తీసికొన్నచో వెల చెల్లింపవలెనని కాగితముపై నున్నది. ఆ కాగితము ఎవరి చేతిలో నున్నది? వెట్టి చేయించుకొను తహశీలుదారు చేతిలోనే. అతడు దానిని పెట్టెలో దాచి, ఎప్పటివలెనే గొఱ్ఱెను తెప్పించుకొనెడివాడు. ఇట్టి స్థితి ఆనాటితో ముగిసినదనుకొనరాదు. నేడు పెద్ద పెద్ద కంపెనీలు తమ కార్మికుల హక్కులను మన్నింతుమని, ఎవరిచేతను బలవంతముగ పని చేయింపమని అందమైన ప్రకటనలు అచ్చువేయుచున్నవి. ఆ ప్రకటన బస్తా మోయువాడు చదువగల భాషలో, వాని కంటబడుచోట నున్నదా యని విచారించిన గాని దాని విలువ తేలదు.

సంఘము చేసిన పని చూచుటకు చిన్నది. ప్రభుత్వాజ్ఞలలో ఏమున్నదో తెలుగున వివరించి, చిన్న చిన్న పుస్తకములుగ అచ్చువేయించెను. వానిలో వెట్టిచాకిరిని గూర్చినదొకటి, వర్తకస్వాతంత్ర్యమను పేర మఱియొకటి ప్రసిద్ధములు. మొదటిది ఒడలు వంచి పనిచేయు వారికొఱకు, రెండవది అధికారుల నోటిమాటపై సరకులు కొలువవలసి వచ్చిన దుకాణదారులకొఱకు. ఇందు ప్రభుత్వమును దూషించు మాట ఒక్కటియు నవసరము లేదు. ప్రభుత్వము తానే చెప్పిన మాటను ప్రజల చెవిని వేయుటయే. నేరమని పట్టుకొందమన్న వీలులేని పని యిది. న్యాయవాది బుద్ధి ఇందు స్పష్టముగ కనబడుచున్నది.

చదువురాని వారికి చిన్న పుస్తకమేమి చేయును? అందుకే గ్రంథాలయములు. చదువు వచ్చినవాడు చదివి పదిమందికి వినిపించుటకు ఊరూర చోటు కావలెను. 1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, 1926లో హైదరాబాదు నుండి సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడినవి. ఊరి బాధలు అచ్చులోని కెక్కుట మొదలాయెను. కేంద్ర జనసంఘపు సమావేశములు జిల్లాలలో జరుగజొచ్చినవి. 1924లో నల్లగొండలోను, 1928లో సూర్యాపేటలోను సభలు కూడినవి. మేనమామల యింట పెరిగిన పిల్లవాడు ఇప్పుడు నాయకుడై ఆ యూరికి మరలివచ్చెను.

ఆ 1928లోనే హనుమంతరావుగారు హైదరాబాదులో బాలికలకు తెలుగు మాధ్యమమున ఉన్నత పాఠశాలను స్థాపించిరి. ఉర్దూయే చదువుగ చెల్లిన ఆ రోజులలో దానిని నిలుపుట సులభమైన పని కాదు. దాసిగ అరణమునకు పోవు బాలికలున్న రాజ్యములో ఆడపిల్ల తన భాషలో చదువుకొనుటకు ఒక చోటు ఏర్పడినది. నారాయణగూడలోని ఆ పాఠశాల తరువాత వారి పేరనే ప్రసిద్ధి కెక్కెను.

1930వ సంవత్సరము మార్చిలో మెదకు సీమలోని జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభ జరిగెను. అదే యేడు జూనులో, సముద్రముల కావల జెనీవా నగరమున, అంతర్జాతీయ కార్మికసంస్థ నిర్బంధశ్రమను నిర్మూలింపవలెనని ఒడంబడికను ఆమోదించెను. జోగిపేట వారికి జెనీవా సంగతి, జెనీవా వారికి జోగిపేట సంగతి తెలిసియుండునని చెప్పజాలము. కాని ఇరువురును చేపట్టిన సమస్య యొక్కటియే. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావుగారే అధ్యక్షత వహించిరి. జనులు వారిని ఆంధ్రపితామహుడని పిలుచుచుండిరి.

వారి మార్గము వినతులు, తీర్మానములు, చట్టమునకు లోబడిన ప్రచారము. అది చాలదని తలంచు యువకులు త్వరలోనే ముందుకు వచ్చిరి. అధికారి చేయించుకొను వెట్టి కాగితమునకు వెఱచిన వెఱచునేమో. ఠాణాయే తన మాట వినునట్టి దేశముఖు దేనికి వెఱచును? భూమి వాని చేతిలో నున్నంతకాలము రైతు లొంగక తప్పదు. 1941లో ఎనిమిదవ ఆంధ్రమహాసభ రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన చిలుకూరులో జరిగెను. అది హుజూర్‌నగరు, కోదాడల నడిమి సీమ, గరిడేపల్లికి దూరమేమియు కాదు. పట్టణపు వకీళ్ల సభ పల్లెరైతుల సభగ మారుచున్నదని అప్పుడే తేటపడెను. 1944లో భువనగిరిలో సభ రెండుగ చీలెను. హనుమంతరావుగారి వంటి మితవాదులొక వైపున, భూమికై పోరవలెనను వారు మఱియొక వైపున నిలిచిరి.

ఇరుపక్షములలో ఎవరిది సరియని నేటికిని వాదించుకొనువారు కలరు. 1946 జులైలో కడివెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు బలియైన పిదప పోరాటము సాయుధమై, 1951 వఱకు సాగెను. సూర్యాపేట, హుజూర్‌నగరు తాలూకాలలో ఎందఱో ప్రాణములు గోల్పోయిరి. గడీలు కదలినది ఆ పోరాటముచేతనే యనుట నిజము. అయితే వెట్టి తలవ్రాత కాదు, అన్యాయమని పల్లెలో మొదట చెప్పవలసి యుండెను. ఆ మాట చెప్పుటకు ఇరువదియేండ్లు పట్టినది. దానికి పూనుకొనిన సంఘమును నడిపినవారు హనుమంతరావుగారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రము భారతదేశమున విలీనమైనది. మఱుసటి యేడు జాగీర్లు రద్దయినవి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని, నిర్బంధశ్రమను నిషేధించినది. ఈ నడుమనే హనుమంతరావుగారు తెలంగాణా ఆంధ్రోద్యమమను గ్రంథమును రెండు భాగములుగ రచించిరి. సంఘము పుట్టుక మొదలు సభల వివరముల వఱకు వారు అందు కూర్చిరి. తమ గొప్ప చెప్పుకొనుట వారికి చేతగాదు.

1951లో వారు హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1955లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. 1958 నుండి 1964 వఱకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కధ్యక్షులుగ నుండిరి. ఒకనాడు పరుల శాసనములను అనువదించిన గుమాస్తా, శాసనములు చేయు సభ నడుపు పీఠమున కూర్చుండెను.

మాడపాటి హనుమంతరావుగారు 1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన కీర్తిశేషులైరి. భగేలా వంటి అప్పు చాకిరులు మాత్రము అప్పటికిని దేశమున పెక్కుచోట్ల మిగిలియుండెను. ఆఱేండ్ల తరువాత, 1976లో, పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేసి, అట్టి అప్పులన్నిటిని కొట్టివేసినది.