ఇంటింటి బతుకును నవలగా మలచిన హోటల్ కార్మికుడు శారద

తెనాలి: కవులకు, పండితులకు, నటులకు పుట్టినిల్లుగా పేరొందిన తెనాలిలో ఒక హోటల్ కార్మికుడు సైతం చిరస్మరణీయుడైన నవలాకారుడయ్యాడు. ఆయనే శారద. అసలు పేరు ఎస్.నటరాజన్. మాతృభాష తమిళం.

1924లో పుదుక్కోటలో జన్మించిన నటరాజన్, పొట్ట చేత పట్టుకుని తండ్రితో కలిసి 1937లో తెనాలి చేరారు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం రాదు. పసితనంలోనే తల్లి దూరమైంది. తెనాలి వచ్చిన కొద్దికాలానికే తండ్రి కూడా కన్నుమూశారు. పగలంతా హోటళ్లలో చాకిరీ చేస్తూ, దొరికిన తీరికలో తెలుగు నేర్చుకున్నారు. చలం, కొడవటిగంటి కుటుంబరావు వంటి వారి రచనలను ఆకలిగొన్నవాడిలా చదివారు. అనతికాలంలోనే శారద అనే కలం పేరుతో కథలు, నవలలు రాసే స్థాయికి ఎదిగారు.

ఏది సత్యం, మంచీ-చెడూ, అపస్వరాలు ఆయన కీర్తిని నిలిపిన నవలలు. వీటిలో రాజులు లేరు, అద్భుతాలు లేవు. ఉన్నదల్లా మన వీధిలోని ఇల్లు. దాంపత్యంలోకి అనుమానం ఎలా చొరబడుతుందో, రక్తసంబంధాలను సైతం డబ్బు ఎలా శాసిస్తుందో, లేమి మనిషి చేత ఏమేమి చేయిస్తుందో ఆయన నిశితంగా చిత్రించారు. తప్పు చేసిన పాత్రను దూషించరు, ఒప్పు చేసిన పాత్రను ఆకాశానికెత్తరు. మనిషిని అలా నడిపించిన పరిస్థితులను పాఠకుడి ముందుంచి తాను పక్కకు తప్పుకుంటారు. నేర్చుకున్న భాషలో పరాయి ఇళ్ల లోగుట్టును ఇంత సహజంగా పట్టుకోవడం అరుదైన విషయం.

రచనలు పత్రికల్లో వెలువడి పాఠకుల మెప్పు పొందినా, ఆయన బతుకు మారలేదు. మూర్ఛవ్యాధి వెంటాడింది. హోటల్ పని లేని రోజుల్లో వీధుల్లో తినుబండారాలు అమ్మి కుటుంబాన్ని పోషించారు. చివరకు 1955 ఆగస్టులో, 32 ఏళ్లైనా నిండకుండానే, తెనాలిలోనే తుదిశ్వాస విడిచారు.

తోటి హోటల్ కార్మికుడు, మిత్రుడు, రచయిత ఆలూరి భుజంగరావు రాసిన సాహిత్య బాటసారి శారద ఆ జీవితాన్ని మరుగున పడకుండా కాపాడింది. శారద రచనలు పునర్ముద్రణ పొంది కొత్త తరానికి చేరువయ్యాయి. అయినా తెలుగు నవల గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు తరచుగా మరుగునే ఉండిపోతోంది. ఆయన పేదరికాన్ని తలచుకుని జాలిపడటం తేలిక. ఆ నవలలను తెరిచి చదవడమే ఆయనకు అసలైన నివాళి.